మొదలు పుచ్చు, పైన ఇరవై తలుపులు

గార్డు క్వార్టరు
జూన్ 4

బావకు,

ఇక్కడ నేనూ చెట్లూ క్షేమం. అక్కడ నువ్వూ అక్కా వడ్రంగి దుకాణంలో రంపాలూ క్షేమమనుకుంటాను. రేషన్ వ్యాను గురువారం గురువారమే వస్తుంది కాబట్టి ఉత్తరం కూడా గురువారమే. సిగ్నలు కోసం ఫోను పట్టుకుని కొండెక్కితే, ఎక్కేసరికి చెప్పాలనుకున్నది మరిచిపోతున్నాను.

ఇరవై రెండేళ్ళుగా ఈ పార్కులో గార్డుగా ఉన్నాను. ఒక్కసారి వచ్చి చూడు బావా అని ఇరవై రెండేళ్ళుగా పిలుస్తున్నాను. వచ్చావు, సంతోషం. కానీ మనసులో మాట బయట పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

మనిషన్నవాడు ఆ చెట్ల కింద నిలబడితే తలెత్తి చూస్తాడు. నువ్వు చెవి ఆనించి వేలి కణుపులతో కొట్టి చూశావు. ఆ అడవిలో ఏ కాలంలోనూ గొడ్డలి పడలేదని నేను చెప్తుంటే "అయ్యో" అన్నావు. ఐదు వందల ఏళ్ళ చెట్టుకు నేను పెద్దామె అని పేరు పెట్టుకున్నానా, దాని ముందు నువ్వు చెప్పు విడిచావు. బావ మారాడనుకుని నా కళ్ళు చెమర్చాయి. నువ్వు ఆ చెప్పుతో చెట్టు చుట్టుకొలత కొలిచావు! కొలిచి, "నూట నలభై తలుపులు" అన్నావు.

పిల్లను చూడటానికి వెళ్ళి ఎన్ని కిలోలుందని అడిగినట్టుంది.

ఇంకో సంగతి. మంగళవారం పార్కు మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో కూడా నలభై మందినే రానిస్తాం. అదీ గేటు దగ్గర రిజిస్టర్లో పేరు, ఊరు, వచ్చిన పని రాశాకే. జనం గోల లేకుండా చూస్తావని నిన్ను మంగళవారం నా బండి మీద వెనక దారిన తీసుకెళ్ళాను. రిజిస్టర్లో రాయలేదు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి.

నా బల్ల కాలు బాగు చేసి వెళ్ళావు. ఇప్పుడు ఊగడం లేదు. అలవాటు లేక రాత కుదరడం లేదు.

నీ బావమరిది


జూన్ 8

బావమరిదికి,

ఉత్తరం అందింది. తిట్లు కూడా ఒక్కటీ తగ్గకుండా అందాయి.

డాక్టరు నీ వీపు మీద కొట్టి చూస్తే చొక్కా విప్పి మరీ కూర్చుంటావు. నేను చెట్టును కొట్టి చూస్తే తప్పా? ఐదు వందల ఏళ్ళు ఏ పనీ చేయకుండా నిలబడ్డ దాని ముందు నువ్వు చేతులు కట్టుకుంటావు. నేను అరగంట ఖాళీగా కూర్చుంటే మీ అక్క వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడుగుతుంది.

చెట్లు బాగున్నాయి. కాదన్నానా? అంత చేవ ఉన్న చెట్లను నా జన్మలో చూడలేదు. చూసి ఊరుకోవాలంటే కష్టంగా ఉంది, అంతే. వేర్లు తొక్కకుండా జనం నడవడానికి బల్లలు పరిచారు చూడు, ఆ ఆలోచన మంచిదే. కానీ ఆ బల్లలకు మరమేకు బిగించాల్సిన చోట మామూలు మేకు కొట్టినవాణ్ణి ఒకసారి నాకు చూపించు. ఏమీ అనను. చూస్తానంతే.

నీకు అక్కడే ఒక ముఖ్యమైన మాట చెప్పాలనుకున్నాను. నువ్వు నాచు గురించి చెప్తూ సందివ్వలేదు. గంటసేపు నాచు! తర్వాత మరిచిపోయాను. గుర్తొస్తే రాస్తాను.

నా నీలం బలపం కనిపించడం లేదు. దుంగల మీద గుర్తులు పెట్టే మైనపు బలపం, వానకు పోనిది. దుకాణమంతా వెతికాను. మీ అక్క మీద అరిచాను, తిరిగి అరిపించుకున్నాను. నీ బల్ల కింద పడిందేమో చూడు.

మీ బావ

(తమ్ముడూ, అరిచింది నిజమే. బలపం ఆయన చెవి మీదే ఉంటుంది ఎప్పుడూ. చెవి ఉంది, బలపం లేదు. నువ్వు మేజోళ్ళు తడిగా వేసుకోకు. – అక్క)


జూన్ 18

బావా,

నీ బలపం సంగతి తర్వాత. ఇక్కడ నా నెత్తిన పిడుగు పడింది.

మూసి ఉన్న పై దారిలో పదకొండు చెట్ల మీద ఎవరో గుర్తులు పెట్టారు. నీలం రంగు. కలప దొంగలు నరికే ముందు మంచి చెట్లను ఎంచుకుని ఇలాగే గుర్తు పెట్టుకుంటారట. మా ఆఫీసరమ్మ పటం పరుచుకుని ఒక్కొక్క చెట్టు మీదా గుండుసూది గుచ్చింది. పదకొండో సూది గుచ్చి నా వైపు చూసింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. గుచ్చుతుంది.

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నావు. నీ ముక్కు కింద నుంచి వచ్చి గీసి వెళ్ళారు. జూలై నెలాఖరులోగా ఎవరో తేలాలి. తేలకపోతే నువ్వు మ్యూజియానికి" అంది.

శాఖవారి మ్యూజియం పట్నంలో ఉంది, మీ ఊరికి ఒక పగలంతా ప్రయాణం. గడ్డి కూరిన జంతువుల మధ్య కూర్చుని టికెట్లు చింపాలి. బావా, నేను ఇంకెక్కడా ఉండలేను. వాన ఎటు నుంచి వస్తుందో నాకు ఆకుల చప్పుడును బట్టి తెలుస్తుంది. మ్యూజియంలో ఆ విద్య దేనికి?

నీకు కలపవాళ్ళందరూ తెలుసు. గుర్తులు ఎలా ఉన్నాయో చెప్తాను. కొన్ని గుడ్డుకు తోక మొలిచినట్టున్నాయి. కొన్ని విరిగిన కత్తెరలా ఉన్నాయి. కొన్నిచోట్ల బాణం, పక్కన అంకెలు. అన్నీ నా తలకు జానెడు పైన. గుడ్డు తోక ఎప్పుడూ ఎడమ వైపుకే. ఏటవాలు దారి కదా, గుర్తులన్నీ దారికి ఎగువ పక్క చెట్ల మీదే. దిగువ పక్క ఒక్కటీ లేదు. ఇది ఏ ముఠా పని? కాస్త ఆలోచించి రాయి.

నీ బావమరిది


జూన్ 22

బావమరిదికి,

సరైన మనిషిని అడిగావు. ఉత్తరం మూడుసార్లు చదివాను. దుకాణం మూసి మరీ ఆలోచించాను. రాసుకో.

ఒకటి, గుర్తులు నీ తలకు జానెడు పైన అన్నావు. ఎవడైనా తన కళ్ళ ఎదురుగానే గీస్తాడు. కాబట్టి వాడు పొడుగాటివాడు. తోక ఎడమకు లాగుతున్నాడంటే ఎడమచేతి వాటం. దిగువ పక్క ఒక్క చెట్టునూ ముట్టలేదంటే దిగలేడు. మోకాలి నొప్పి ఉంది. కుడి మోకాలే అయి ఉంటుంది, ఎడమచేతివాళ్ళకు బరువంతా అటే పడుతుంది, నాకు తెలుసు.

ఇక, వాడు కుర్రవాడు కాదు. కుర్రవాడైతే కనిపించిన ప్రతి చెట్టు మీదా గీసేవాడు. పదకొండే ఎంచుకున్నాడంటే యాభై దాటినవాడు, పని తెలిసినవాడు. చెడ్డవాడే కానీ చేతకానివాడు కాదు. అయినా గుడ్డు ఏమిటి, కత్తెర ఏమిటి? గుండ్రం గీయడం చేతకానివాడికి కలప పనెందుకు? ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ గురువును అనాలి.

ఇలాంటివాడు మళ్ళీ వస్తాడు. పొగరు ఎక్కువ ఉంటుంది. కనిపిస్తే అడక్కుండానే సలహాలు ఇస్తాడు. పట్టుకోండి.

మీ ఆఫీసరమ్మకు ఇది చూపించు. నా పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. చెప్పినా ఫరవాలేదు.

మీ బావ

(ఒరేయ్ తమ్ముడూ, నాలుగు రోజులుగా దుకాణానికి వచ్చినవాళ్ళ మోకాళ్ళు చూస్తున్నారు ఈయన. బడికి చేసివ్వాల్సిన బెంచీలు పన్నెండు అలాగే ఉన్నాయి. – అక్క)


జూలై 2

బావా,

నీ బుర్రకు దండం. దొరికాడు.

మొన్న పై దారిలో ఒకాయన పెద్దామె మొదట్లో బోర్లా పడుకుని ఉన్నాడు. పొడుగు. ఎడమ చేత్తో రాసుకుంటున్నాడు. జేబులో నీలం పెన్సిలు. నాచు మీద పరిశోధన చేసే మేష్టారినని, అనుమతి కాగితం తన బసలో మరిచిపోయానని చెప్పాడు. ఎవరైనా అలాగే చెప్తారు. మోకాలు మాత్రం బాగానే ఉంది. కానీ మేం గేటు దాకా లాక్కొచ్చాక కుంటుతున్నాడు కాబట్టి అది కూడా సరిపోయింది. మాటకు ముందే సలహా ఇస్తాడన్నావే, "మీరు పట్టుకున్న చోటు నొప్పిగా ఉంది, కాస్త కిందికి పట్టుకోండి" అన్నాడు.

ఆఫీసు గదిలో కూర్చోబెట్టాం. టీ తాగుతూ కిటికీ కింది నాచు ఏ రకమో చెప్తున్నాడు. నాకైతే కాస్త బాగానే నచ్చాడు, దొంగ అయినా.

నీ వర్ణన ఆఫీసరమ్మకు చూపించాను. చదివి, రెండోసారి చదివి, "ఈ నిపుణుడిని పిలిపించు. గుర్తులు చూపించి సాక్ష్యం రాయించుకుంటాను" అంది. ఆవిడ ఒకరిని నిపుణుడు అనడం ఇరవై రెండేళ్ళలో... కాదు, ఆవిడ వచ్చి మూడేళ్ళే, మూడేళ్ళలో ఇదే మొదటిసారి. చూసుకునేందుకు ఒక గుర్తు మీద పల్చటి కాగితం పెట్టి అచ్చు దించి ఇందులో పంపుతున్నాను.

గురువారం వ్యానులో వచ్చేయి. ఈసారి గేటు లోంచి, టికెట్టుతో.

నీ బావమరిది


జూలై 6

బావమరిదికి,

ఆ మేష్టారిని వెంటనే వదిలేయండి. ఆయన కాదు.

ఎలా తెలుసని అడక్కు. నేను మళ్ళీ లెక్క వేశాను. మొదటి లెక్క తప్పు. దొంగ పొట్టివాడు. కుడిచేతి వాటం. రెండు మోకాళ్ళూ రాయిలా ఉంటాయి. ఎత్తు మీద గుర్తు పెట్టడానికి పీట తెచ్చుకుని ఉంటాడు. చాలా దూరపు మనిషి, ఇక రాడు.

అయినా ఇంత చిన్న విషయానికి సాక్ష్యాలెందుకు? నాలుగు వానలు పడితే పోతుంది. పోకపోతే ఇంకో నాలుగు పడతాయి. గురువారం నేను రాలేను. మోకాలు నొప్పి. ఏ మోకాలని ఇప్పుడెందుకు.

బడి బెంచీల పని ఎక్కువగా ఉంది.

మీ బావ

(ఈ చీటీ మీ బావకు తెలియకుండా కవరు అంటించే ముందు పెడుతున్నాను. నువ్వు పంపిన కాగితం విప్పి చూసినప్పటి నుంచి ఆయన దాన్ని మడవడం, మళ్ళీ విప్పడం, అదే పని. టీ ఎదురుగా పెడితే చల్లారిపోతోంది. నేను కూడా ఆ కాగితం చూశాను. అలాంటి గుర్తు మన వంటింటి తలుపు వెనక ఒకటుంది. అలమారు వెనక ఒకటుంది. నేను పడుకునే మంచం కింద నాలుగున్నాయి. నీకు ఇంకా అర్థం కాకపోతే మీ బావ ఎంత పొడుగో, ఏ చేత్తో తింటుంటే మన అమ్మ గొణిగేదో గుర్తు తెచ్చుకో. – అక్క)


జూలై 9

బావా!

వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు. నిలబడి రాస్తున్నాను.

నువ్వా? నా వెనకే నడుస్తూ, నేను నాచు గురించి చెప్తుంటే ఊఁ కొడుతూ, పదకొండు చెట్ల మీద గీసుకుంటూ వచ్చావా? నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదా? నీలం బలపం పోయిందని నువ్వే రాశావు. ఆ ఉత్తరం పక్కనే పెట్టుకుని నీలం గుర్తులు ఎవరివని నిన్నే అడిగాను. నాలాంటివాణ్ణి మ్యూజియంలో పెట్టడమే న్యాయం. గాజు బీరువాలో.

నాచు మేష్టారిని వదిలేశాం. అనుమతి కాగితం దొరికింది. కేసు పెడతాడేమో అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, పెద్దామె మొదట్లో అరుదైన నాచు ఉందని, తొక్కకుండా లాక్కెళ్ళినందుకు థాంక్స్ అని చెప్పాడు. ఈయనకూ నీకూ ఎంత తేడా!

గుర్తులు చెరపలేను. నీ బలపం వానకు పోదు. గోకితే బెరడు పోతుంది. ఆఫీసరమ్మకు చెప్పలేను. చెప్తే మూసిన రోజున, రిజిస్టర్లో రాయకుండా, సొంత బావను వెనక దారిన తీసుకెళ్ళానని చెప్పాలి. చెప్పకపోతే నెలాఖరుకు నా పెట్టె సర్దుకోవాలి. ఎటు చూసినా మ్యూజియంలో గడ్డి కూరిన ఎలుగుబంటి పక్కనే నా కుర్చీ.

అసలు ఆ గుర్తులకు అర్థమేమిటో అదైనా చెప్పు.

నేను


జూలై 13

బావమరిదికి,

నిజమే. నేనే. కావాలని చేయలేదు. చెట్టును కొడతాను, శబ్దం వింటాను, చెయ్యి చెవి మీదికి పోతుంది, గీస్తుంది. ముప్పై ఐదేళ్ళుగా అంతే. ఎన్ని గీశానో నన్ను అడిగితే పొద్దున్న ఎన్ని మెట్లు దిగావని అడిగినట్టే. నువ్వు గుడ్డు అని రాశావు కాబట్టి గుర్తు పట్టలేదు. నేను గీసేది గుండ్రం. ఆ కాగితం చూశాక నీ మీద కోపం కూడా వచ్చింది. దాన్ని గుడ్డు అంటారా?

అర్థాలు రాస్తున్నాను. గుండ్రం అంటే లోపల గట్టి. తోక ఎంత పొడుగుంటే చేవ అంత లావు. కొట్టివేత గీతలంటే, నువ్వు కత్తెర అన్నావే అది, మొదట్లో పుచ్చు. బాణం అంటే చెట్టు బరువు ఎటు ఉందో, పడితే ఎటు పడుతుందో అది. అంకె అంటే తలుపులు.

నీకు చెప్పాలనుకుని మరిచిపోయిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. పై దారి మొదలయ్యే చోట సందర్శకులు కూర్చుని తినడానికి ఒక పాక ఉంది కదా, దాని వెనక వంగిన చెట్టు, నువ్వు గూనివాడు అంటావే, అది. దాని మీద 'మొదలు పుచ్చు, పైన ఇరవై తలుపులు' అని ఉంటుంది. పైన చూస్తే నిగనిగలాడుతోంది. మొదట్లో కొడితే కుండ మీద కొట్టినట్టుంది. బాణం ఎటుందో చూడు. పాక వైపే. ఈ వానలు దాటడం కష్టం.

మీ ఆఫీసరమ్మ నవ్వితే ఆ రోజుకు సెలవు పెట్టాల్సి వస్తుందేమో, ఆవిడ నీ మాట వినదు. నువ్వు రాసినదాన్ని బట్టి ఎవరి మాటా వినే మనిషిలా లేదు. అందుకే నేనే వస్తున్నాను. గురువారం వ్యానులో వచ్చి తప్పంతా ఒప్పుకుంటాను. నువ్వు అడ్డం రాకు.

మీ బావ

(కొత్త చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. చెవి మీద ఏమీ లేకుండా చూశాను. – అక్క)


మ్యూజియం, రెండో అంతస్తు
జూలై 25

బావా,

పై అడ్రసు చూశావు కదా.

నువ్వు వచ్చిన రోజు వాగు పొంగి నేను అవతలి ఒడ్డున ఇరుక్కుపోయాను. నేను గేటుకు వచ్చేసరికి వ్యాను నిన్ను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆఫీసరమ్మ ముందు నాలుగు పేజీల వాంగ్మూలం ఉంది, కింద నీ సంతకం.

నీ తప్పు ఒప్పుకోవడానికి వచ్చావు. మంచిదే. నా తప్పులు కూడా నువ్వే ఎందుకు ఒప్పుకున్నావు? వెనక దారి సంగతి సరే, అది చెప్పక తప్పదు. నేను రాలిన పుల్లలు ఏరి టీ కాస్తానని ఎవరు చెప్పమన్నారు? ఆ అడవిలో రాలిన ఆకు కూడా తీయకూడదు బావా. సాయంత్రం దిగి వచ్చేటప్పుడు పెద్దామెకు "వెళ్ళొస్తాను" అని చెప్తానని కూడా చెప్పావు. అది ఫైల్లోకి ఎక్కింది. 'చెట్లతో మాట్లాడును' అని ఆవిడ చేతి రాతతో ఉంది.

"మా వాడు ఎంత అమాయకుడో ఆవిడకు తెలియాలని చెప్పాను" అంటావు. నాకు తెలుసు నువ్వు ఏమంటావో.

బదిలీ కాగితం మీద 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని ఉంది. ఆ మాటతో వచ్చినవాళ్ళు ఇక్కడే రిటైరవుతారని పాత ఉద్యోగి చెప్పాడు. ఆయన పదిహేడేళ్ళ కిందట అలాగే వచ్చాడు.

నా ఎదురుగా ఎలుగుబంటి ఉంది. ఒక కన్ను గాజుది, రెండోది కోటు గుండీ. కిటికీ లేదు. జనం నన్ను అడిగేది ఒక్కటే, బాత్రూము ఎటు అని. అడవి లేదా అంటే ఉంది, గోడ మీద రంగులతో వేశారు. నిన్న ఎవరూ లేనప్పుడు వెళ్ళి వేలి కణుపుతో కొట్టి చూశాను. సిమెంటు.

గూనివాడి సంగతి ఆవిడకు చెప్పావా లేదా? అది మాత్రం రాయి. పాక కింద రోజూ జనం కూర్చుంటారు.

నీ బావమరిది


జూలై 30

బావమరిదికి,

చెప్పాను. రెండుసార్లు చెప్పాను. "వడ్రంగి వేలు యంత్రం కాదు. హెడ్డాఫీసు నుంచి యంత్రం తెప్పిస్తాను" అంది. కానీ పుస్తకంలో రాసుకుంది. నేను వస్తుంటే ఎవరినో పిలిచి తాడు ఎక్కడుందని అడుగుతోంది. నా కోసమేమోనని త్వరగా వచ్చేశాను.

నీ ఉత్తరం చదివాక దుకాణంలో పని సాగలేదు. ఒక బెంచీకి నాలుగు కాళ్ళూ ఒకే వైపు బిగించాను. ముప్పై ఐదేళ్ళలో మొదటిసారి.

నేను మళ్ళీ వెళ్ళి నీ తప్పేమీ లేదని చెప్పనా?

మీ బావ

(వెళ్తే గడప దాటనివ్వను. ఈయన ఇంకొకసారి నోరు తెరిస్తే నీకు ఆ ఎలుగుబంటి కూడా దక్కదు. ఆ గుండీ ఊడిపోకుండా చూడు, అలాంటివి ఇప్పుడు దొరకడం లేదు. – అక్క)


గార్డు క్వార్టరు
ఆగస్టు 20

బావా,

పై అడ్రసు మళ్ళీ చూడు.

గూనివాడు పడ్డాడు. పన్నెండో తేదీ పదకొండు గంటలకు, గాలి కూడా పెద్దగా లేనప్పుడు. పాక అప్పడంలా నలిగింది. కింద ఎవరూ లేరు. ఆఫీసరమ్మ నువ్వు వెళ్ళిన సాయంత్రమే పాక చుట్టూ తాడు కట్టించి బోర్డు పెట్టిందట. 'నమ్మి కాదు, యంత్రం వచ్చేవరకు' అని ఫైల్లో కారణం రాసింది. ఆ రోజు వచ్చిన ముప్పై రెండు మంది కూర్చునే చోటు లేదని కాస్త ఎడంగా నిలబడి నాచు మేష్టారిని తిడుతున్నారట. ఆయనకేం సంబంధమంటే, ఎవరూ లేక ఆయన మీద పడ్డారు. చెట్టు పడ్డాక అందరూ తిట్టడం ఆపేశారు.

బాణం ఎటు గీశావో అటే పడింది. మేష్టారు కొలిచాడు. ఒక మూర తేడా.

మర్నాడు యంత్రం వచ్చింది. ఇద్దరు మనుషులు, మూడు పెట్టెలు. పడిపోయిన చెట్టుకు తీగలు తగిలించి, లోపల పుచ్చు ఉందని చెప్పి సంతకం పెట్టించుకుని వెళ్ళారు.

అప్పుడు ఆవిడ మ్యూజియానికి ఫోను చేసింది. "మిగతా పది చెట్ల మీద ఏముందో చదవగలిగినవాడు నువ్వొక్కడివే. మీ బావ అర్థాలు రాసి పంపానని చెప్పిన ఉత్తరం తీసుకుని రా" అంది. పరిగెత్తుకొచ్చి చదవబోయాను. చేతిలోంచి లాక్కుని తనే చదివింది. ఏ ఉత్తరమో గుర్తుందా బావా? నవ్వితే సెలవు పెట్టాల్సి వస్తుందని రాశావే, అదే. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసింది. నవ్వలేదు. కానీ మర్నాడు నిజంగానే సెలవు పెట్టింది. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఇక షరతులు. నీ గుర్తులు చెరపక్కర్లేదు, బెరడు రాలేటప్పుడు వాటితోనే పోతాయని మేష్టారు చెప్పాడు. ఏటా వానలకు ముందు నువ్వు వచ్చి దారి పక్క చెట్లన్నీ కొట్టి చూడాలి. నోటితో చెప్పాలి, నేను రాసుకోవాలి. గేటు లోంచి రావాలి, రిజిస్టర్లో రాయాలి, జేబులు చూపించాలి. నీ బలపం పదకొండో చెట్టు కింద దొరికింది. సీలు వేసి ఆఫీసు బీరువాలో పెట్టారు. ఇంకొక్క గీత పడితే నేను శాశ్వతంగా ఎలుగుబంటి దగ్గరికి. ఈ మాట ఆవిడ రెండుసార్లు అంది.

నా పుల్లల టీ మానేశాను. స్టవ్వు మీద టీ బాగుండదు.

ఈ ఏడు సగం వానలు ఇంకా మిగిలే ఉన్నాయి. వచ్చే మంగళవారం కాదు, బుధవారం రా.

నీ బావమరిది


ఆగస్టు 25

బావమరిదికి,

నువ్వు అక్కడికి చేరావని చదివాక ఆ బెంచీ కాళ్ళు విప్పి సరిగా బిగించాను.

బుధవారం ఈ ఉత్తరం నేనే తెస్తాను, వ్యాను కంటే ముందు చేరుతుంది. అయినా రాయాల్సింది రాయాలి, ఎదురుగా అయితే నువ్వు సందివ్వవు.

గూనివాణ్ణి ఏం చేస్తున్నారు? పడిన చెట్టును తీయకూడదట కదా. అక్కడే పడి ఉండాలట. నాచు పట్టి, పుట్టగొడుగులు మొలిచి, దాని వీపు మీద కొత్త చెట్లు వస్తాయని ఆఫీసరమ్మ నాతో నేను తప్పు ఒప్పుకున్న రోజే చెప్పింది. అంతా పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందంటే రెండు వందల ఏళ్ళు అంది. ఇరవై తలుపులు బావమరిదీ! పైభాగం ఎంత బాగుందో నా చెవికి తెలుసు. ఇరవై ఇళ్ళవాళ్ళు తీసి వేసుకోవాల్సిన తలుపులు పుట్టగొడుగులకు ఇచ్చేస్తున్నారు. ఒక్క పలక అడుగుదామా అనుకున్నాను. ఆవిడ మొహం గుర్తొచ్చి మానుకున్నాను.

పోనీలే. అది చేయాల్సిన పని ఒకటి చేసింది, ఎవరి మీదా పడలేదు. ఇప్పుడు పడుకోనివ్వు.

ఆ దుంగ మీద కూర్చోవచ్చో లేదో రూల్సు చూసి పెట్టు. వచ్చినప్పుడు కాసేపు కూర్చుంటాను. ఏ పనీ లేకుండా. మీ అక్క దూరంగా ఉంటుంది కాబట్టి ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు ఉండరు.

రిజిస్టర్లో 'వచ్చిన పని' అనే గడిలో ఏం రాయాలో ఆలోచించాను. 'చెట్లు చూడటానికి' అని రాస్తాను. అంతకంటే ఎక్కువ రాస్తే మీ ఆఫీసరమ్మ సూది గుచ్చుతుంది.

మీ బావ

(తమ్ముడూ, నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. జేబులు రెండుసార్లు వెతికాను, ఖాళీ. బ్యాగు ఖాళీ. కొత్త బలపం కుడి కాలి మేజోడులో దొరికింది. అలవాటుగా పెట్టుకున్నానంటున్నారు. నా దగ్గరే ఉంచుకున్నాను. అయినా గేటు దగ్గర ఎడమ కాలు కూడా చూడమని చెప్పు. – అక్క)